చాంబరు కింద రెండు వేళ్ళు

మా ఇంట్లో నెల రోజులుగా చాంబరు తప్ప వేరే మాట లేదు. పత్తి ధర పడిపోయినా ఎవరికీ పట్టలేదు. కోడలికి జలుబు చేసి తగ్గినా ఎవరూ చూడలేదు. పొద్దున చాయ్ గ్లాసు చేతికివ్వడం ఆలస్యం, మా వాడు మొదలుపెడతాడు. "అమ్మా, లోతు చాంబరు పెట్టిస్తే మంచిదా, ఉన్నదే ఉంచాల్నా?" అని నన్నడుగుతాడు. కారు తలుపు వేయడమే సరిగా రాదని రోజూ నాతో గొడవపడేవాడు, చాంబరు సంగతి నన్నడుగుతాడు.

చాంబరంటే ఏమిటో నేనే చెబుతాను. వాడు చెప్పడం మొదలుపెడితే పొద్దుగూకుతుంది. వాడి కారుకు గేర్లు వాటంతట అవే మారే పెట్టె ఒకటుంది. ఆ పెట్టె అడుగున నూనె నిలవడానికి వెడల్పాటి గిన్నె బిగించి ఉంటుంది. అదే చాంబరు. గిన్నె లోతుగా ఉంటే నూనె ఎక్కువ పడుతుంది. నూనె ఎక్కువుంటే తొందరగా కాగదు. కానీ గిన్నె లోతైతే కిందికి వేలాడుతుంది, నేల తాకుతుంది. ఇంతే సంగతి. దీనికి నెల రోజులు.

మా వాడి పేరు వంశీధర్‌రావు. ఒక్కగానొక్క కొడుకు. ఆసిఫాబాద్‌లో మా పత్తి జిన్నింగు మిల్లు వాడే చూసుకుంటాడు. కూలీలతో మర్యాదగా ఉంటాడు, పెళ్ళాంతో మంచిగా ఉంటాడు, ఎవరితోనూ మాట పడడు. ఆ కారు దగ్గరికొచ్చేసరికి మాత్రం మతి ఉండదు. జర్మనీ కారట. హైదరాబాదులో ఎవరో మోజు తీరి వదిలించుకున్నదాన్ని వీడు నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. పరుగు చాలదని ఇంజనుకు ఏదో చేయించాడు. తర్వాత ఎత్తు నచ్చలేదన్నాడు. స్ప్రింగులు మార్పించి నేలకు ఆనేటట్టు దింపించాడు. ఇంటింటికీ ఒక స్పీడ్ బ్రేకరు పోసుకునే మనుషులున్న ఊళ్ళలో ఆ కారును తిప్పుతాడు.

వాడి పిచ్చి వాడికి ఆనందం అని ఊరుకునేదాన్నే. కానీ నా మొక్కు ఆ కారుతో ముడిపడి ఉంది.

నాలుగేళ్ళ కింద వాడికి విషజ్వరం వచ్చింది. ఆ కారు కొన్న వారమే పడిపోయాడు. కరీంనగర్‌లో ఒక ఆస్పత్రిలో వాణ్ణి గాజు తలుపు అవతల పడుకోబెట్టి, నన్ను ఇవతల కుర్చీలో కూర్చోబెట్టారు. డాక్టర్లు బయటికొచ్చి నా మొహం చూడకుండా మాట్లాడుతుంటే నాకు సంగతి అర్థమైంది. ఆ కుర్చీలోనే సమ్మక్కకు మొక్కుకున్నాను. తల్లీ, వీణ్ణి లేపు. వీడు తన బండి తానే నడుపుకుంటూ నీ గద్దె దగ్గరికి వచ్చి, తన ఎత్తు బంగారం నీకు పెడతాడు అన్నాను. మా దగ్గర తల్లికి పెట్టే బంగారమంటే బెల్లమే. మనిషిని తరాజులో ఒకవైపు కూర్చోబెట్టి, రెండోవైపు బెల్లం ముద్దలు పేర్చి, ఎంత తూగితే అంతా గద్దెకు సమర్పిస్తాము.

వాడు లేచాడు. తల్లి తన మాట నిలబెట్టుకుంది. నేనే నిలబెట్టుకోలేదు.

జాతర రెండేళ్ళకోసారి వస్తుంది. పోయినసారి బంగారం తూచుకుని అదే కార్లో బయలుదేరాము. మంచిర్యాల దాటి గోదావరి ఒడ్డున మా వైపు వాళ్ళు కట్టుకున్న సమ్మక్క గద్దెలకు పోయే దారి మొత్తం బండ్లే. కొంచెం కదలడం, ఆగడం, మళ్ళీ కొంచెం కదలడం. ఆ తీరుకు గేరు పెట్టెలో నూనె కాగిపోయింది. ముందు మాడు వాసన వచ్చింది, తర్వాత కారు ఇక నావల్ల కాదని నిలబడిపోయింది. క్రేనుకు కట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాము. బంగారం గద్దె మొహం చూడకుండా వెనక్కొచ్చింది. మర్నాడు జీపులో పోదామని మా ఆయన రాజేశ్వర్‌రావు ఎంత చెప్పినా నేను ఒప్పుకోలేదు. తన బండిలో వస్తాడని కదా మొక్కింది. మొక్కంటే మొక్కే.

అప్పటినుంచి నాకు నిద్ర సరిగా లేదు. వాడు తుమ్మితే ఉలిక్కిపడతాను. ఒళ్ళు వెచ్చగా ఉందంటే డాక్టరు దగ్గరికి పొమ్మని వెంటపడతాను. ఇచ్చిన కొడుకును తల్లి వెనక్కి అడిగితే ఏమని బదులు చెప్పాలి నేను? ఈ జాతరకు ఆ బంగారం గద్దెకు చేరాలి. నాకు కావలసింది అదొక్కటే.

అంత జరిగాక ఎవరికైనా బుద్ధొస్తుంది. మా వాడికి రాలేదు. కారు బాగుచేయించాడు, ఆ వెంటనే కిందికి దింపించాడు. ఇక ఇప్పుడు జాతర దగ్గరపడే వేళకు, నూనె కాగకుండా లోతు చాంబరు పెట్టాలి, పెడితే నేల తాకుతుంది, పెట్టకపోతే మళ్ళీ క్రేను. నా తల ప్రాణం తోకకు వచ్చింది.

చివరికి నేనే వాడి వెంట నస్పూర్ పోయాను. అక్కడ సంపత్ షెడ్డు ఉంది. దుబాయిలో ఇలాంటి కార్లే విప్పి బిగించి వచ్చిన మనిషి. గోనెసంచి పరిచి మూడు చాంబర్లు వరసగా పెట్టాడు.

"గిది కంపెనీదమ్మా. లోతు లేదు. జాతర లైన్ల మల్ల కాగుతది. గిది లోతుది, ఇనుప రేకు. గిదేమో అల్యూమినియంది. లోతు గంతనే, కానీ కింద రెక్కలున్నయి. గాలి తాకి నూనె జల్ది సల్లబడ్తది" అన్నాడు సంపత్.

"కిందికెళ్ళి దెబ్బ తాకితే?" అని అడిగాను.

"రేకు సొట్టపోతది. అల్యూమినియం పగుల్తది. పగిలిందంటే నూనె మొత్తం రోడ్డు మీదనే."

"ఇంకేం మరి. రేకుది పెట్టు."

మా వాడు అల్యూమినియం చాంబరు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. "గిది చూడమ్మా, గీ రెక్కలు ఎంత మంచిగున్నయో" అన్నాడు.

"కారు కింద పండుకొని చూసేటోడు ఎవడురా గా మంచితనం?"

సంపత్ నవ్వాపుకుంటూ రెంచీ వెతికాడు. "సార్, ఒక్క మాట. బండి రెండు వేళ్ళు పైకి లేపుండ్రి. గప్పుడు ఏ చాంబరైనా ఫికర్ లేదు. అమ్మ పరేషాన్ కూడ పోతది" అన్నాడు.

తన చెవి కోస్తామన్నంత బాధగా మొహం పెట్టాడు మా వాడు. "లేపితే మామూలు కారు లెక్క కనపడ్తదన్నా."

"మామూలుగ కనపడితే నీదేం పోతదిరా?" అన్నాను.

"నీకు తెల్వదమ్మా."

నాకు తెలియదు. నిజమే. కని, పెంచి, చావు దగ్గర నుంచి అడుక్కుని తెచ్చుకున్నదాన్ని, నాకేం తెలుస్తుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదడమెందుకని బయటికొచ్చి నిలబడ్డాను. వాడు రెక్కల చాంబరే బిగించుకుని వచ్చాడు.

మర్నాటి నుంచి కొలతల పిచ్చి పట్టుకుంది. ఆదివారం ఇంటిల్లిపాదినీ వాకిట్లో కార్లో కూర్చోబెట్టాడు. ముందు వాళ్ళ బాపు, వెనక నేను, కోడలు రుచిత. స్టీరింగు ముందు వాడి బరువుకు బదులు మిల్లు నుంచి పత్తి గింజల బస్తా ఒకటి తెచ్చి కూర్చోబెట్టాడు. వాడేమో కారు కింద దూరాడు. నేను పట్టుచీర కట్టుకుని గుడికి పోదామని తయారైనదాన్ని, ఎండలో అద్దాలు మూసిన కార్లో బొమ్మలా కూర్చున్నాను.

"కదలకమ్మా" అని కింద నుంచి అరుపు.

"ఊపిరి తీసుకోవచ్చునా?" అన్నాను.

"మెల్లగ తీసుకో."

రుచిత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందని తెలుసు. వాడు కింద నుంచి వచ్చి, చేయి చూపించాడు. "రెండు వేళ్ళు. అందరు కూసున్నంక కూడ చాంబరు కింద రెండు వేళ్ళ సందు ఉంటున్నది. ఏ బ్రేకరైనా వంకర పెట్టి ఎక్కిస్తే దాటుతది." మొహం వెలిగిపోతోంది. అంత సంతోషంగా వాణ్ణి చూసి నాకూ కోపం సగం పోయింది. సగమే.

అన్నాలు తినేటప్పుడు మా ఆయనతో అన్నాను. "రెండు వేళ్ళు బండి లేపుమంటే లేపడు. ఎంత మొండోడో చూసిండ్రా?"

ఆయన పెరుగన్నం కలుపుకుంటూ తల ఎత్తలేదు. "వాడు బండి లేపడు. నువ్వు మొక్కుల మాట మార్సవు. జీపుల పోదామంటే ఇనవు. వాని మొండితనం యాడికెళ్ళి వచ్చిందో నాకెర్కనే."

ఆ పూట ఆయనకు రెండోసారి పెరుగు వేయలేదు.

జాతర రోజు పొద్దున్నే వాకిలి అలికి, ముగ్గు వేసి, మిల్లు నుంచి పెద్ద తరాజు తెప్పించి వేలాడగట్టాము. బంగారం ఆ పొద్దు దాకా ఇంటికి తేము. తలస్నానాలు అయ్యాకే తెచ్చి తూచాలి, తూచాక కింద పెట్టకుండా బయలుదేరాలి. వంశీ తడి తలతో వచ్చి తరాజులో కూర్చున్నాడు. రెండోవైపు నేనూ రుచితా బెల్లం ముద్దలు పెడుతున్నాము. పెడుతున్నాము, పెడుతున్నాము, వాడు నేల విడిచి లేవడు. జ్వరం తగ్గాక కోలుకోవాలని నాలుగేళ్ళు నేనే నెయ్యి పోసి పెంచిన ఒళ్ళు అది. తెచ్చిన బెల్లం చాలలేదు. మళ్ళీ మనిషిని కొట్టుకు పంపాము. చివరికి ముల్లు నడిమికి వచ్చింది. నా కళ్ళు నిండాయి. తల్లీ, వీడు ఇంత బరువున్నాడు, నీ దయ, అనుకున్నాను.

పసుపు గుడ్డల్లో కట్టిన బంగారమంతా కారు డిక్కీలో సర్దాము. అందరం ఎక్కాము. మా వాడు తాళం చెవి తిప్పబోయి ఆగాడు. దిగి చుట్టూ తిరిగాడు. వెనక చక్రాల దగ్గర వంగి చూశాడు. అలాగే వంగి ఉండిపోయాడు.

"ఏమైందిరా?"

రుచిత దిగి చూసి వచ్చింది. "అత్తమ్మా, ఆదివారం బండిల ఒక్క వంశీనే లెక్క పెట్టిండు. ఇయ్యాల ఇద్దరు వంశీలు ఎక్కిండ్రు. ఒకడు స్టీరింగు కాడ, ఒకడు డిక్కీల" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏం చేయాలో తెలియలేదు. నెల రోజులు గిన్నె లోతు కొలిచాడు, తల్లిని ఊపిరి బిగబట్టించి కొలిచాడు, పత్తి గింజలు కూడా తూచాడు. ఎందుకోసం పోతున్నామో అది మాత్రం లెక్కలోకి రాలేదు. నాకూ రాలేదు. బంగారాన్ని మేము బరువనుకోము, సామాననుకోము. అది మొక్కు. మొక్కుకు బరువుంటుందని మా ఇంట్లో ఒక్కరికీ తోచలేదు.

"సందు ఎంతున్నది?" అని మా ఆయన అడిగాడు.

"ఏలు పట్టుతలేదు బాపు."

"జీపు తియ్యనా?"

వాడు నా వైపు చూశాడు. నేను వీధి వైపు చూశాను. వాడు వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

ఆ ప్రయాణం పగవాళ్ళకు కూడా వద్దు. స్పీడ్ బ్రేకరు కనపడగానే కారు ఆగుతుంది, మేము ముగ్గురం దిగుతాము, కారు వంకరగా పీతలా ఎక్కి దిగుతుంది, మేము పోయి ఎక్కుతాము. తలుపు వేసుకుని కొంగు సర్దుకునేలోగా ఇంకో బ్రేకరు. మా ఆయనకు మోకాళ్ళ నొప్పి. దిగినప్పుడల్లా రోడ్డు వేయించిన వాళ్ళను, కారు చేసిన వాళ్ళను, చివరికి కొన్నవాణ్ణి వరుసగా తిట్టాడు. బొగ్గు లారీ డ్రైవరొకడు పక్కన ఆపి మరీ చూశాడు. ట్రాక్టరు మీద జాతరకు పోతున్న ముసలమ్మ ఒకామె నన్ను చూసి జాలిపడింది.

"ఏందవ్వా, బండి ఖరాబైందా?"

"లేదవ్వా, మంచిగనే ఉన్నది. గదే బాధ" అన్నాను.

మంచిర్యాల దాటాము. బండ్ల వరుస మొదలైంది. కదలడం, ఆగడం. నేను ముక్కు ఎగబీల్చి మాడు వాసన కోసం చూస్తున్నాను. రాలేదు. చాలాసేపు రాలేదు. వంశీ అద్దంలో నన్ను చూసి, "నూనె సల్లగనే ఉన్నదమ్మా. చాంబరు పని చేస్తున్నది" అన్నాడు. చిన్నప్పుడు లెక్కల్లో మంచి మార్కులొస్తే ఇలాగే చెప్పేవాడు. సరే, ఆ రెక్కలకు కూడా ఒక దండం అనుకున్నాను.

గోదావరి కనపడింది. గద్దెల డప్పులు వినపడుతున్నాయి. అక్కడ తారు రోడ్డు దిగి మట్టి దారిలోకి పోవాలి. నీళ్ళ పైపు కోసం దారికి అడ్డంగా తవ్వి, పైన మొరం పోసి గట్టులా కట్టారు. ట్రాక్టర్లు, ఆటోలు ఎగిరి దూకి పోతున్నాయి. మేము దిగాము. వంశీ మెల్లగా ముందు చక్రాలు ఎక్కించాడు. కింద ఏదో గరగరమంది. ఆపాడు. వెనక్కి తీసి, వంకర పెట్టి మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ గరగర. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి.

వాడు దిగి, పంచె నేలకు తాకుతున్నా చూసుకోకుండా మట్టిలో బోర్లా పడుకుని చూశాడు. లేచి నా దగ్గరికొచ్చాడు. మొహమంతా దుమ్ము.

"ఇంకా పగులలేదమ్మా. ఈసారి జర జోరుగ ఎక్కిస్త. పగిలినా పగలనీ. నూనె కారుకుంటనన్న గద్దె దాక పోతది. ఆడ ఆగిపోయినా సరే. నువ్వు మొక్కినట్టె నేనే నడుపుకుంట పోత" అన్నాడు.

అప్పుడు వాడి మొహం సరిగా చూశాను. నెల రోజులు ఆ గిన్నె పట్టుకుని నా చుట్టూ తిరిగింది కారు కోసమని తిట్టుకున్నాను. కొంత కారు కోసమే, కాదనను. కానీ రెండేళ్ళుగా నేను వాడు తుమ్మినప్పుడల్లా ఉలిక్కిపడటం వాడు చూస్తూనే ఉన్నాడు. నా భయం పోగొట్టాలని, ప్రాణంగా చూసుకునే కారును నా కళ్ళ ముందు పగలగొట్టుకోవడానికి సిద్ధపడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది.

"బండి పక్కకు పెట్టురా" అన్నాను.

"అమ్మా, మొక్కు..."

"మొక్కు నాది. బండి మాట అన్నది నేను. తల్లి అడుగలే. నేనన్న మాట నేనే ఎనకకు తీసుకుంటున్న. తప్పైతే ఆమె నన్నడుగుతది, నిన్ను కాదు. డిక్కీ తియ్యి."

మా ఆయన నా వైపు చూశాడు. ఒక్క మాట అంటే ఈసారి పెరుగు కాదు, అన్నమే ఉండదని ఆయనకు తెలుసు. పోయి డిక్కీ దగ్గర నిలబడ్డాడు.

కారు ఒక మక్కజొన్న చేను పక్కన వదిలాము. చెప్పులు అక్కడే విడిచాము. పెద్ద మూట వంశీ నెత్తికెత్తుకున్నాడు. ఇంకో మూట మా ఆయన భుజాన, ఒకటి రుచిత చంకన. ఇంకా మిగిలింది. ట్రాక్టరు మీది ముసలమ్మ వాళ్ళ బండి వెనకే ఆగి ఉంది. ఆమె తన వాళ్ళను కేకేసి దింపింది. "తల్లి బంగారమే కదా, తలా ఒకటి పట్టుండ్రి" అంది. ముక్కూ మొహం తెలియని వాళ్ళు నా కొడుకు బరువును తలా ఇంత పంచుకుని నడవసాగారు. చివరికి డిక్కీలో ఒక్క ముద్ద మిగిలితే నేను తీసుకున్నాను.

దారి పొడుగునా వంశీ వగరుస్తున్నాడు. "రేపే సంపత్ అన్న కాడికి పోయి బండి లేపిస్తనమ్మా" అన్నాడు.

"ముందు చూసుకుంట నడువు" అన్నాను.

పసుపు గుడ్డలో బెల్లం ముద్ద మోచేతి మీదికి జారింది. జారకుండా రొమ్ముకు ఆనించి పట్టుకున్నాను. నాలుగడుగులు వేశాక ఆ బరువు నా చేతికి గుర్తుకొచ్చింది. మొదటిసారి నర్సు వాణ్ణి గుడ్డలో చుట్టి తెచ్చి నా మోచేతి మీద పెట్టినప్పుడు ఇంతే ఉన్నాడు. అచ్చం ఇంతే. అప్పుడు కూడా జారిపోతాడేమోనని ఇలాగే భయపడ్డాను. గద్దె దాకా ఆ ముద్దను చేయి మార్చుకోలేదు.

గద్దె దగ్గర జనం తోసుకుంటున్నారు. వంశీ తన మూట దించి పెట్టాడు. మా ఆయన, రుచిత, ట్రాక్టరు వాళ్ళు అందరూ పెట్టేశారు. వాడి ఎత్తు బంగారంలో నా చేతిలోదొక్కటే తక్కువ.

"పెట్టమ్మా. ఎనక మంది ఉన్నరు" అన్నాడు వంశీ.

"జర ఆగురా" అన్నాను.